కొంగ టికెట్టు

గురువారం సాయంత్రం నాలుగూ ఇరవైకి హైమావతి ఫోను మోగింది. అప్పటికి ఆమె షిఫ్టు దిగి ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని, కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"మేడమ్, స్కూలు నుంచండి. పాప ఇంకా గేటు దగ్గరే ఉందండి. మీరొస్తున్నారా?"

"ఏ పాప?" అంది హైమావతి.

అవతల రిజిస్టరు కాగితాలు తిరగేసిన చప్పుడు.

"చైత్రండి. నాలుగో తరగతి, బి సెక్షను. మీ పాపేనండి."

మధురవాడలో వాళ్ళ ఇంటికీ స్కూలుకీ మధ్య కిలోమీటరున్నర దూరం. ఆటోలో కూర్చున్నాక ఆమె ఆ మధ్యాహ్నాన్ని మొదటి నుంచీ గుర్తు తెచ్చుకుంది. మూడింటికి ఆఫీసు మెట్లు దిగడం గుర్తుంది. రైతుబజారులో వంకాయలు ఏరుకోవడం గుర్తుంది. మూడున్నరకు స్కూలు గేటు ముందు నుంచి నడవడం కూడా గుర్తుంది. పిల్లలు గుంపుగా బయటికి వస్తున్నారు. వాళ్ళకు దారిచ్చి, పక్కకు తప్పుకుని, ఇంటికి వచ్చేసింది. నాలుగేళ్ళుగా రోజూ ఆ వేళకు ఆ గేటు దగ్గర ఆగే మనిషి తను.

చైత్ర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఏడవలేదు.

"నేను చెయ్యి ఊపానమ్మా," అంది ఆటో ఎక్కుతూ. "నువ్వు నన్ను చూశావు కూడా."

ఇంటికొచ్చాక హైమావతి ఫ్రిజ్ మీదున్న నోటుపుస్తకం తీసింది. చైత్రకు ఆరో ఏట సుగర్ వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ తయారవదు కాబట్టి పూటకొకటి చొప్పున రోజుకు రెండు సూదులు వెయ్యాలి. పొద్దుటి సూది తండ్రి సన్యాసిరావుది, సాయంత్రం సూది తల్లిది. అతను హార్బరులో క్రేన్ నడుపుతాడు. మధ్యాహ్నం రెండుకు వెళ్ళి రాత్రి పదకొండుకు వస్తాడు. వేసిన ప్రతిసారీ సుగర్ అంకె పుస్తకంలో రాయాలన్నది ఆ ఇంటి పద్ధతి. పొద్దుటి గళ్ళలో సన్యాసిరావు రాత ఉంది: 240, 310. సాయంత్రం గళ్ళు మంగళవారం ఖాళీ. బుధవారం ఖాళీ.

"నిన్న నేను నీకు సూది వెయ్యలేదా?"

చైత్ర తల అడ్డంగా ఊపింది.

"మొన్న?"

"మొన్న కూడా. నువ్వు మర్చిపోయావు. నేను చెప్పలేదు. నొప్పి కదమ్మా."

వేలు గుచ్చి చూస్తే మీటరు మీద 388 పడింది. హైమావతి డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినంత మందు ఎక్కించి, పుస్తకంలో రాసింది. ఆమె చేతులు వణికాయి. పిల్లను దగ్గరికి తీసుకుని కూర్చుంది.

ఆ తర్వాత జరిగింది ఆమె స్పష్టంగా గమనించింది. పది నిమిషాలకు చేతుల వణుకు ఆగింది. పావుగంటకు గుండె దడ తగ్గింది. ఇరవై నిమిషాలకు, తరిగి వదిలేసిన వంకాయలు నల్లబడుతున్నాయన్న ఆలోచన వచ్చింది. అంత భయం, కాళ్ళ కింద ఇసుక జారినట్టు జారిపోతోంది. అది పూర్తిగా పోకముందే ఆమె పిల్ల పెన్సిల్ పెట్టెలోంచి పెన్ను తీసుకుని ఎడమ ముంజేతి మీద రాసుకుంది: చైతూ. సూది. ఎందుకు మర్చిపోయాను? ఆఫీసులో కనుక్కో.

ఆఫీసు అని ఎందుకు రాసిందో ఆమెకు తెలియదు. పెన్ను మూతపెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

*

శుక్రవారం తెల్లవారుజామున బాత్రూమ్ కడగాల్సి వచ్చింది. అందుకని ఆమెకు అయిదున్నర బస్సు తప్పింది. ఆరూ పదికి సీట్లో కూర్చుంది.

ఆ ఆఫీసు రొయ్యల చెరువులకు మీటర్లు అమ్మే కంపెనీది. మీటరు చెరువులో తేలుతూ నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో రైతు ఫోనుకు చెబుతుంది. అంకె పడిపోతే రైతు నీళ్ళలోకి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పాలి, లేకపోతే గంటల్లో చెరువులో రొయ్యలన్నీ చచ్చిపోతాయి. మీటరు మొరాయించినప్పుడు రైతులు ఫోన్ చేసేది రుషికొండ రోడ్డులో మూడో అంతస్తుకు. వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు పడుతుంది. దాన్ని టికెట్టు అంటారు. సమస్య తీరితే టికెట్టు మూస్తారు. ఎవరు ఏ టికెట్టు మీద ఎన్ని నిమిషాలు పనిచేశారన్నది కంపెనీ రాసుకుంటుంది. తనతో కలిపి పదకొండు మంది జట్టుకు హైమావతి లీడరు.

ఒకప్పుడు నిమిషాలు మౌస్‌తో నొక్కి పెట్టుకునేవారు. రెండు నిమిషాలపాటు ఏ టికెట్టు మీదా లేకపోతే మేనేజరు తెరమీద వాళ్ళ పేరు ఎర్రబడేది. రెండేళ్ళ కిందట జట్టులోని గ్రేస్‌మణి పురిటి సెలవు ముగించుకుని వచ్చింది. పాలు తాగని పసిబిడ్డ గురించి ఇంటికి ఫోన్ చేసి చేసి వారంలో మూడుసార్లు ఎర్రబడి మెమో తీసుకుంది. అప్పుడు హైమావతే ఒక ఉపాయం చెప్పింది.

"కొంగ మీద వెయ్యి," అంది.

కొంగ టికెట్టు నంబరు 40417. ఆకివీడు దగ్గర ముదునూరి నరసరాజు అనే రైతు చేసిన ఫిర్యాదు అది. మీటరు మీద కొంగ కూర్చుంటోందట, అది కూర్చున్నప్పుడల్లా అంకె తప్పుతోందట. ముళ్ళకంప కట్టుకోమని చెప్పి జట్టులోని డిల్లేశ్వరరావు ఆ టికెట్టు మూసేశాడు. రైతును తర్వాత మళ్ళీ ఆరా తీస్తున్నామన్న పేరుతో మూసిన టికెట్టు మీద కూడా నిమిషాలు వేసుకోవచ్చు, ఎవరూ అడగరు. అప్పట్నుంచి టీకి వెళ్ళినా, ఇంటికి ఫోన్ చేసినా, పిల్లల ఫీజులూ అమ్మానాన్నల మందులూ మాట్లాడుకున్నా అందరూ కొంగ మీదే వేశారు. "ఎక్కడున్నావురా?" అంటే "కొంగ మీదున్నాను" అనేది ఆ హాల్లో మాట.

ఈ వేసవిలో పట్టీలు వచ్చాయి. అయిదో అంతస్తు ప్రయోగశాలలో కమలాకర్ తయారుచేశాడు వాటిని. కళ్ళజోడులా చెవి వెనక ఆనుతుంది. ప్రతి టికెట్టూ మనిషి తలలో ఒక జాడ వేస్తుందనీ, పట్టీ ఆ జాడను గుర్తుపట్టి నిమిషాలు తానే రాసుకుంటుందనీ, ఇక ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదనీ అతను చెప్పాడు. నేర్చుకోవడానికి దానికి మూడు నెలలు పడుతుందన్నాడు. ఆ మూడు నెలలూ వాళ్ళు పట్టీ పెట్టుకుని, పాత పద్ధతిలో నొక్కుతూ కూడా ఉన్నారు.

ఈ నెల మొదటి సోమవారం పట్టీకి కొత్త పని చేర్చారు. మూసిన టికెట్టు జాడ తలలో మళ్ళీ లేస్తే పట్టీ దాన్ని అణిచి సర్దేస్తుంది. తర్వాతి ఫోన్‌కు మనిషి తేటగా ఉంటాడు. దీన్ని అందరూ మెచ్చుకున్నారు. చెరువు పోయిన రైతు ఒకాయన డిల్లేశ్వరరావును అరగంటసేపు అమ్మనాబూతులు తిట్టాడు. ఇంతకుముందైతే అతను ఆ రోజంతా అన్నం ముట్టేవాడు కాదు. ఆవేళ టికెట్టు మూసి, క్యారేజీ విప్పి, ములక్కాడ పులుసు జుర్రుకుంటూ తిన్నాడు.

ఉదయం తొమ్మిదికి చెయ్యి చాపి హెడ్‌సెట్ అందుకుంటున్నప్పుడు యూనిఫాం చొక్కా చేతుల కింది నుంచి హైమావతికి సిరా కనబడింది. చదివింది. కనుక్కో అని రాసి ఉంది. లీడరు గనక వారపు పట్టిక తెరిచింది.

పట్టికలో అన్ని టికెట్లకంటే పైన 40417 ఉంది. స్థితి: మూసినది. మొదటి వారం పదకొండు మందీ కలిపి 2,860 నిమిషాలు. రెండో వారం 1,140. మూడో వారం 170. ఈ వారం ఇప్పటివరకు తొమ్మిది.

ఆమె ఆ తొమ్మిది అంకె వంక చూసింది. తర్వాత పక్క సీటు వంక తిరిగింది.

"డిల్లేసూ, మీ ఆవిడ ఎలా ఉంది?"

"ఎవరు మేడమ్?"

"మీ ఆవిడయ్యా. పురిటికి పలాస వెళ్ళింది కదా. ఎన్నో నెల?"

అతను ఆలోచించాడు. "ఎనిమిదో, తొమ్మిదో ఉండాలండి."

"ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడావు?"

డిల్లేశ్వరరావు ఫోన్ తీసి చూశాడు. "పదకొండు రోజులైనట్టుందండి. వాళ్ళే చేశారు, నలభై మూడుసార్లు. నేను ఎత్తలేదు." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఏటి మేడమ్, ఏదైనా పనుందా?"

వెనక సీట్లో గ్రేస్‌మణి మాట కలిపింది. "నిజంగా ఈ నెలంతా హాయిగా ఉంది మేడమ్. ఒక్క టెన్షన్ లేదు."

"మీ నాన్నగారికి ఆపరేషన్ అన్నావు?"

"అవును," అంది గ్రేస్‌మణి. "ఏ రోజన్నారో చూడాలి."

ఆమె ముఖంలో దాపరికం ఏమీ లేదు. హాల్లో అందరి ముఖాలూ అలాగే ఉన్నాయి. పడుకుని లేచినవాళ్ళ ముఖాల్లా ఉన్నాయి.

కొంగ మీద వేసిన నిమిషాలు ఏమిటో హైమావతికి తెలుసు. ఆ హాల్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అవి ఇంటి నిమిషాలు. పదకొండు మంది తలల్లో అయిదు రోజులకు కలిపి తొమ్మిది మిగిలాయి.

ఆమె పట్టీ తీసి జేబులో వేసుకుని మెట్లెక్కింది. మూడో అంతస్తు నుంచి నాలుగుకు ఇరవై రెండు మెట్లు. నాలుగో అంతస్తు మలుపులో ఆగింది. కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. తానెందుకు పైకి వెళ్తోందో ఆమెకు అందలేదు. కిందికి రెండు మెట్లు దిగింది. అప్పుడు చెయ్యి చూసుకుంది. చైతూ. సూది. మళ్ళీ ఎక్కింది. ఈసారి ముంజేతిని కళ్ళ ముందు పెట్టుకుని, పైకి చదువుకుంటూ ఎక్కింది.

*

కమలాకర్‌కు నలభై ఏళ్ళు. మాట మెత్తన. టేబుల్ మీద మూడు పట్టీలు విప్పి ఉన్నాయి.

"రండి హైమావతి గారూ. మీ జట్టు లెక్కలు చూశారా? ఒక్కో ఫోన్‌కు పట్టే టైము మూడో వంతు తగ్గింది. పైవాళ్ళు నలభై ఆఫీసులకు పట్టీలు అడుగుతున్నారు."

"40417 అనే టికెట్టు చూశారాండి?"

"చూశాను. అదొక వింత. మూసి రెండేళ్ళయినా అన్నేసి నిమిషాలు ఎందుకు పడుతున్నాయా అనుకున్నాను. తగ్గిపోతోంది కదా అని ఊరుకున్నాను. మొండి చెరువేమో?"

హైమావతి నిలబడే చెప్పింది. గ్రేస్‌మణి మెమో దగ్గర మొదలుపెట్టి, కొంగ సంగతి, టీ సంగతి, ఫోన్ల సంగతి, నిన్న స్కూలు గేటు దాటి వచ్చేసిన సంగతి చెప్పింది. మధ్యలో రెండుసార్లు చేతి వంక చూసుకుంది. కమలాకర్ తాగుతున్న టీ కప్పు కింద పెట్టాడు.

"ఇంటికి ఫోన్లు దాని మీద పెట్టుకునే మాట్లాడారా? పట్టీ నేర్చుకుంటున్న మూడు నెలలూ?"

"మూడు నెలలూ అండి."

"పదకొండు మందీ?"

"పదకొండు మందీ."

"ఎవరు మొదలుపెట్టారు?"

"నేనే."

అతను టేబుల్ మీది పట్టీ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "దానికి ఏం తెలుస్తుందండి," అన్నాడు చివరికి. "ఇల్లూ పిల్లా మొగుడూ అని దానికి తెలియదు కదా. ఈ జాడ 40417 అని మీరు నేర్పారు. అది నేర్చుకుంది. 40417 మూసిన టికెట్టు. లేచినప్పుడల్లా సర్దుతోంది. చెప్పినట్టే చేసింది."

"పట్టీ తీసేస్తే పోదా?"

"మీరు ఇంటికి పట్టీ పెట్టుకుని వెళ్ళరు కదా. నిన్న స్కూలు ముందు మీ చెవికి పట్టీ ఉందా?"

"లేదు."

"నాలుగు వారాలు సర్దేసరికి తల ఆ అలవాటు పట్టేసింది. ఇప్పుడు పట్టీ లేకపోయినా తల తానే సర్దుకుంటోంది. తీసి పారేస్తే మీరు ఇలాగే ఉండిపోతారు." అతని గొంతు తగ్గింది. "ఒక్కటే దారి ఉంది. టికెట్టు మళ్ళీ తెరవాలి. తెరిచి ఉన్న టికెట్టయితే పట్టీ ఎదురు పని చేస్తుంది, తల దాన్ని వదలకుండా చూస్తుంది. కానీ పట్టీ పెట్టుకునే ఉండాలి. ఇంట్లో కూడా."

"తెరవండి మరి."

"తెరిచిన మరుక్షణం రైతుకు మెసేజ్ వెళ్తుంది. మీ సమస్య తీరిందా, తీరితే ఒకటి నొక్కండి అని. తెరిచి ఉన్నంతకాలం మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. ఆయన ఎప్పుడు ఒకటి నొక్కినా మూసుకుపోతుంది. ముందు ఆయనతో మాట్లాడండి."

నంబరు తీసి అతనే కలిపాడు. అవతల ఏరియేటర్ల చప్పుడు.

"ఆయ్, ఎవరండీ?"

"నరసరాజుగారా అండి? మీటరు కంపెనీ నుంచి హైమావతినండి. రెండేళ్ళ కిందట మీరు కొంగ మీద కంప్లయింటు ఇచ్చారు."

"కొంగా?" నవ్వాడాయన. "ఇప్పుడు గుర్తొచ్చిందా తల్లీ మీకు? అది ఎప్పుడో వెళ్ళిపోయిందమ్మా. దాని పిల్లలు కూడా పెద్దవైపోయుంటాయి. ఆ కంప కట్టుకోమన్న బాబు బాగున్నాడా?"

"బాగున్నాడండి. ఇప్పుడు మీకొక మెసేజ్ వస్తుందండి. సమస్య తీరిందా అని అడుగుతుంది..."

అక్కడికి వచ్చేసరికి హైమావతి నోట మాట ఆగింది. ఎదురుగా గోడ, గోడ మీద క్యాలెండరు. తానీ మనిషితో ఎందుకు మాట్లాడుతోందో తెలియలేదు. అవతలి నుంచి హలో, హలో అంటున్నాడు. కమలాకర్ ఆమె ఎడమ చెయ్యి పట్టి, రాత ఉన్న వైపు పైకి తిప్పాడు.

"మీరు ఒకటి నొక్కకండి రాజుగారూ," అంది ఆమె. "ఎప్పుడూ నొక్కకండి. ఎన్నిసార్లు అడిగినా నొక్కకండి. మా పాప ప్రాణానికి సంబంధించిన విషయం. అర్థమయ్యేలా చెప్పలేను."

నరసరాజు నవ్వు ఆపేశాడు. "పాప ఏంటమ్మా, కొంగ ఏంటి? సరే. నాకెందుకు గానీ, నొక్కొద్దంటే నొక్కను. ఆడపిల్ల అంటున్నారు."

పదకొండూ ఇరవైకి కమలాకర్ టికెట్టు తెరిచాడు. హైమావతి పట్టీ చెవికి పెట్టుకుంది.

రెండు మూడు నిమిషాలు ఏమీ కాలేదు. తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. గేటు దగ్గర చెయ్యి ఊపుతున్న పిల్ల. సూది మాట ఎత్తకుండా కంచం ముందు కూర్చున్న పిల్ల. ఆ తర్వాత ఈ ఉదయం.

ఈ ఉదయం నాలుగున్నరకు చైత్ర బాత్రూమ్‌లో వాంతి చేసుకుంది. రెండుసార్లు చేసుకుంది. తాను బకెట్టుతో నీళ్ళు పోసి కడిగింది. పిల్ల గోడకు ఆనుకుని నిలబడి, "అమ్మా, దాహం" అంది. చెంబు చేతికిచ్చి, బస్సుకు టైమైందని వచ్చేసింది.

ఆమె సన్యాసిరావు నంబరు చెప్పింది. కమలాకర్ కలిపి ఇచ్చాడు.

"ఏటే ఈ టైముకి?" అన్నాడు సన్యాసిరావు.

"చైతూ ఏది?"

"పడుకుంది. ఒంట్లో బాగాలేదని బడికెళ్ళనంది."

"పొద్దున సూది వేశావా?"

"ఏటీ తినలేదు కదా. తినకుండా సూదేస్తే సుగర్ పడిపోద్దని ఎయ్యలేదు. నిన్న మూడొందల పదుందని చెప్తే నువ్వే కదా చూద్దాంలే అన్నావు."

"దగ్గరికెళ్ళు. ఊపిరి ఎలా తీస్తోందో చూడు."

అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు వినిపించాయి. "గట్టిగా తీస్తంది," అన్నాడు. అతని గొంతు మారింది. "పరిగెత్తుకొచ్చినట్టు తీస్తంది. నోటికాడ మగ్గిన పళ్ళ వాసన వస్తంది హైమా. లేపితే లేవట్లేదు."

"ఎత్తుకో. ఆటోకి ఆగకు, కింద ఎవరి బండి ఉంటే ఆ బండి. నేను ఆస్పత్రికి వస్తున్నాను."

మూడో అంతస్తు దాటుతున్నప్పుడు హాలు తలుపు తెరిచి ఉంది. ఒక్క ఫోన్ కూడా ఎవరూ ఎత్తడం లేదు, అన్నీ మోగుతున్నాయి. డిల్లేశ్వరరావు నిలబడి, సొంత ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, "ఎత్తండి, ఎత్తండి" అంటున్నాడు. గ్రేస్‌మణి నేల మీద కూర్చుని ఉంది. పక్కన బ్యాగు, అందులోంచి జారిన ఆస్పత్రి కాగితాలు. ఆపరేషన్ తేదీ మంగళవారంతో అయిపోయింది.

*

చైత్ర మూడు రోజులు ఐసీయూలో ఉంది. రక్తంలో ఆమ్లం పెరిగిందనీ, ఇంకో రెండు మూడు గంటలు ఆలస్యమై ఉంటే తామేమీ చేయగలిగేవాళ్ళం కాదనీ డాక్టరు చెప్పారు. ఒక చేతికి సెలైను, ఇంకో చేతికి ఇన్సులిన్. గంటగంటకూ వేలు గుచ్చి చూశారు. హైమావతి అద్దం తలుపు బయట కుర్చీలో కూర్చుంది. చెవి వెనక పట్టీ అలాగే ఉంది. స్నానానికి కూడా తియ్యలేదు.

ఆదివారం సాయంత్రం సన్యాసిరావు పక్కన కూర్చుని, "అదేటి చెవికి?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. అతను అంతా విన్నాడు.

"అంటే అది తీసేస్తే..."

"తీసినా ఇక్కడే ఉంటాను. నీ పక్కనే కూర్చుంటాను. లోపల ఎవరున్నారో గుర్తుంటుంది. కానీ లేచి వెళ్ళి చూడాలని అనిపించదు."

సన్యాసిరావు ఆమె వంక చూశాడు. తర్వాత కుర్చీని కొంచెం, ఒక అంగుళం, అవతలికి జరుపుకున్నాడు. అది అతను కావాలని చేసింది కాదు.

సోమవారం పదింటికి కమలాకర్ ఫోన్ చేశాడు. "మేడమ్, డెబ్బై రెండు గంటలు ఎవరూ ఏమీ రాయకపోతే టికెట్టు దానంతటదే మూసుకుపోతుంది. నేను మర్చిపోయాను. పదకొండూ ఇరవై లోపల ఏదో ఒకటి రాయండి."

"ఏం రాయాలండి?"

"ఏదైనా సరే."

ఆమె ఫోన్‌లో టికెట్టు తెరిచి రాసింది: పాప కళ్ళు తెరిచింది. సుగర్ 196. టికెట్టు మూయవద్దు.

ఆ వారంలోనే కమలాకర్ పైవాళ్ళకు పద్నాలుగు పేజీల నివేదిక పంపాడు. జవాబు రెండు వాక్యాలు. టికెట్టు తెరిచే ఉంది కదా, ఇప్పుడు సమస్య ఏమిటి? మిగిలిన ఆఫీసుల్లో ఇలాంటి టికెట్టు లేకుండా జాగ్రత్త పడండి. పట్టీకి తప్పు లెక్కలు నేర్పినందుకు హైమావతికి మందలింపు కాగితం ఇచ్చారు. ఉద్యోగంలోంచి తియ్యలేదు. తీస్తే పట్టీ వెనక్కి ఇవ్వాల్సి వచ్చేది. ఆ కాగితం అందుకున్నప్పుడు ఆమెకు ఆ సంగతే తట్టింది. ఇక ఎప్పటికీ తను ఈ ఉద్యోగం మానడానికి లేదు.

డిల్లేశ్వరరావుకు కూతురు పుట్టింది. పురిటి సమయానికి అతను పలాస చేరలేదు. ఇప్పుడు మూడు రోజులకొకసారి టికెట్టులో రాసేవాళ్ళు పదకొండు మందీ. ఒకరు మర్చిపోతే ఇంకొకరికి గుర్తుంటుందని హైమావతి వంతులు వేసింది. టికెట్టులో చెరువు మాట ఒక్కటీ లేదు. బిడ్డ మూడు కిలోల బరువు. నాన్నకు కుట్లు విప్పారు. టికెట్టు మూయవద్దు. టికెట్టు మూయవద్దు.

*

నెలన్నర గడిచాక ఒక మంగళవారం, సాయంత్రం ఆరూ నలభైకి హైమావతి కుక్కరు దించింది. చైత్ర వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని, గౌను కొంచెం పైకెత్తి పట్టుకుని, సూది కోసం ఎదురుచూస్తోంది.

తర్వాత హైమావతికి ఫోన్ మోగడం తెలిసింది. గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది.

"మేడమ్, పాప బాగుందా?" కమలాకర్ గస పెడుతున్నాడు. "టికెట్టు మూసుకుపోయింది. ఇప్పుడే చూసి తెరిచాను. నలభై నిమిషాలు మూసి ఉంది. పాప బాగుందా?"

ఆమె చుట్టూ చూసింది. స్టవ్ తుడిచి ఉంది. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. చైత్ర అదే పీట మీద, గౌను అలాగే పైకెత్తి పట్టుకుని ఉంది. పిల్ల బుగ్గలు తడిగా ఉన్నాయి.

"మూడుసార్లు పిలిచానమ్మా," అంది. "నన్ను దాటుకుని వెళ్ళి గిన్నెలు తోమావు."

సూది వేశాక, అన్నం పెట్టాక, మళ్ళీ ఫోన్ మోగింది. ఆకివీడు నుంచి.

"అమ్మా, తప్పైపోయిందండి," అన్నాడు నరసరాజు. "ఫోన్ మా మనవరాలి చేతిలో ఉంది. మెసేజ్ వస్తే నొక్కేసిందట. చిన్నపిల్లండి, దానికేం తెలుస్తుంది. మీ పాపకేమీ కాలేదు కదా? చెప్పండమ్మా, నాకు ముద్ద దిగట్లేదు."

"ఏమీ కాలేదండి."

"ఇకమీదట ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేస్తాను."

"మీకు ఎన్నేళ్ళండి రాజుగారూ?"

"డెబ్బై నాలుగమ్మా. ఎందుకూ?"

"ఊరికే అడిగానండి," అంది హైమావతి.

మరునాడు సాయంత్రం ఆమె చైత్రను మంచం మీద ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మధ్యలో ఇన్సులిన్ పెన్నూ, కొత్త సూదీ, దూదీ పెట్టింది.

"ఇవాళ్టి నుంచి నువ్వే వేసుకోవాలి. నేను చూస్తుంటాను."

"నాకు భయం."

"నాకూ భయమే. ముందు సూది ఎక్కించు. తిప్పి బిగించు. పెన్ను వెనక మీట ఎనిమిది దాకా తిప్పు, చప్పుడు వినబడుతుంది కదా, అది లెక్కపెట్టుకో. నేను అన్నం పెట్టినా సూది పడకుండా తినకూడదు. నేను తినమన్నా తినకూడదు. అంకె పుస్తకంలో నువ్వే రాయాలి. ఎక్కువుంటే నాన్నకి ఫోన్ చెయ్యాలి. నేను వద్దన్నా చెయ్యాలి."

చైత్ర పెన్ను తిప్పింది. ఎనిమిది దగ్గర ఆపింది.

"నువ్వెక్కడికెళ్తావమ్మా?"

"ఎక్కడికీ వెళ్ళను. ఇక్కడే ఉంటాను. ఇలాగే, నీ ఎదురుగా."

పిల్ల కాసేపు ఆమె చెవి వెనక పట్టీ వంక చూసింది. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని, పళ్ళు బిగించి, సూది దించింది. మీట నొక్కింది.

"వెంటనే తియ్యకు," అంది హైమావతి. "పది లెక్కపెట్టు."

చైత్ర పైకే లెక్కపెట్టింది, ఒకటి నుంచి పది దాకా, ఒక్కో అంకెకూ ఆగి. లెక్కపెడుతున్నంతసేపూ సూది వంక చూడలేదు. తల్లి ముఖం వంకే చూస్తూ ఉంది.